రీఫర్బిష్డ్ ఎలక్ట్రానిక్స్: చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్

ఒకరు వాడి వదిలేసిన ఫోన్, ల్యాప్‌టాప్, ట్యాబ్ వంటి వస్తువును విప్పి చూసి, పాడైన భాగాలు మార్చి, పాత యజమాని డేటా తుడిచేసి, కొంతకాలం హామీతో తిరిగి అమ్మితే అది రీఫర్బిష్డ్ సరుకు. సెకండ్ హ్యాండ్ సరుకు ఉన్నది ఉన్నట్టే చేతులు మారుతుంది. ఓపెన్ బాక్స్ సరుకంటే ఎవరో పెట్టె విప్పి, నచ్చక తిరిగి ఇచ్చేసినది. కౌంటర్ దగ్గర ఈ మూడింటికీ తేడా చెప్పని దుకాణాలు చాలా ఉన్నాయి. అందుకే దుకాణం బోర్డు కన్నా బిల్లు మీద ఏం రాసిచ్చారో చూసుకోవడం మేలు.

హైదరాబాద్‌లో ఇలాంటి సరుకుకు గిరాకీ అన్ని చోట్లా ఉంది. అయితే ఆర్టీసీ క్రాస్ రోడ్స్ నుంచి దక్షిణంగా చిక్కడపల్లి మీదుగా నారాయణగూడ దాకా, ఇటు ఇందిరాపార్కు వైపు అశోక్‌నగర్ దాకా ఉన్న ప్రాంతంలో దీనికి ఒక ప్రత్యేకత ఉంది. ఇక్కడ కొనేవారిలో చాలామంది ఈ ఊరివాళ్లు కాదు, ఇక్కడే ఉండిపోయేవాళ్లూ కాదు. ఉద్యోగ నోటిఫికేషన్ పడిందని జిల్లాల నుంచి వచ్చి, హాస్టల్ గదిలో ఒక మంచం, స్టడీ హాల్లో ఒక కుర్చీ అద్దెకు తీసుకుని చదువుకునే అభ్యర్థులు. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం చుట్టూ, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల చుట్టూ ఉన్న బతుకంతా వీళ్లదే. వీరికి తోడు నారాయణగూడలోని కేశవ్ మెమోరియల్, రాజా బహదూర్ వెంకటరామారెడ్డి మహిళా కళాశాల వంటి విద్యాసంస్థల విద్యార్థులు, చిక్కడపల్లి పాత ఇళ్లలో ఉంటూ విదేశాల్లోని పిల్లలతో వీడియోలో మాట్లాడుకునే పెద్దవాళ్లు ఉన్నారు.

పాతది కొనడం ఈ ప్రాంతానికి చిన్నతనమేమీ కాదు. కోఠి ఫుట్‌పాత్‌ల మీద, ఆదివారం అబిడ్స్‌లో పాత పుస్తకాలు కొనుక్కుని చదివి పైకొచ్చినవాళ్లు తరాలుగా ఉన్నారు. పాత పుస్తకంలో పేజీలన్నీ ఉన్నాయో లేదో తిప్పి చూస్తే తెలిసిపోతుంది. పాత ల్యాప్‌టాప్‌కు అంత మాత్రం చాలదు.

అభ్యర్థి లెక్క

ధర ఎంత తగ్గింది అన్న దానికన్నా ఆ వస్తువు ఎంతకాలం నిలబడాలి అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. 2022 ఏప్రిల్ 26న 503 పోస్టులతో తెలంగాణ గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఏడాదిలో తేలిపోతుందనుకుని గది తీసుకున్నవాళ్లు ఎందరో. ఆ ఏడాది అక్టోబర్‌లో జరిగిన ప్రిలిమ్స్, ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడటంతో 2023 మార్చిలో రద్దయింది. జూన్ 11న మళ్లీ పెట్టిన పరీక్షను సెప్టెంబర్‌లో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరి 19న 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, జూన్ 9న ప్రిలిమ్స్, అక్టోబర్ 21 నుంచి 27 దాకా మెయిన్స్. మొదటి నోటిఫికేషన్ చూసి 6 నెలల వారంటీతో ల్యాప్‌టాప్ కొన్న అభ్యర్థికి అది రెండున్నరేళ్లు పనిచేయాల్సి వచ్చిందన్నమాట. అశోక్‌నగర్‌లో ఏదైనా కొనేటప్పుడు పరీక్షల క్యాలెండర్‌ను నమ్మి లెక్క వేయడం అంత తెలివైన పని కాదు.

గ్రూప్-1 మెయిన్స్ చేత్తో రాసేదే అయినా, క్లాసులు, టెస్ట్ సిరీస్‌లు, కరెంట్ అఫైర్స్ పీడీఎఫ్‌లు అన్నీ తెర మీదికి వచ్చేశాయి. బ్యాంకు, రైల్వే, స్టాఫ్ సెలక్షన్ పరీక్షలు కంప్యూటర్ మీదే. తెలంగాణలో 2024 డీఎస్సీ కూడా కంప్యూటర్ మీదే జరిగింది. 6 అంగుళాల ఫోన్‌లో మాక్ టెస్ట్ రాసి, పరీక్ష కేంద్రంలో మౌస్ పట్టుకుని తడబడేవాళ్లకు పాత ల్యాప్‌టాప్ అయినా చాలు.

డబ్బు సంగతి ఒక ఉదాహరణతో చూద్దాం. కొత్త ల్యాప్‌టాప్ 45,000 రూపాయలు, 6 ఏళ్లు నడుస్తుందనుకుందాం. ఏడాదికి 7,500 పడుతుంది. రీఫర్బిష్డ్ ల్యాప్‌టాప్ 20,000, బ్యాటరీ మార్చడానికి మరో 2,500. అది 3 ఏళ్లే నడిస్తే ఏడాదికి సరిగ్గా అదే 7,500. అంటే సగం ధరకు వచ్చినా ఏడాది లెక్కలో పైసా మిగలలేదు. అదే 4 ఏళ్లు నడిస్తే ఏడాదికి 5,625 పడి, అప్పుడు ఆదా మొదలవుతుంది. అయితే రెండేళ్ల తర్వాత అమ్మేసి వెళ్లిపోయేవారి లెక్క వేరు. కొత్తది 22,000కు అమ్ముడైతే వాడకానికి అయిన ఖర్చు 23,000. పాతది 10,000కు అమ్మితే అయిన ఖర్చు 12,500. కొత్త వస్తువు విలువ మొదటి ఏడాదే ఎక్కువగా పడిపోతుంది, ఆ నష్టాన్ని మొదటి యజమాని భరించి ఉంటాడు. కాబట్టి రీఫర్బిష్డ్ సరుకు అందరికీ ఒకేలా లాభం కాదు. రెండు మూడేళ్ల అవసరం ఉన్నవారికి, చేతిలో ఒకేసారి అంత డబ్బు లేనివారికి లాభం. ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో చేరి, నాలుగేళ్లూ దాని మీదే ప్రోగ్రామింగ్ చేయాల్సిన విద్యార్థి ప్రాసెసర్ తరాన్నీ ర్యామ్‌నూ చూసి, మరింత ఆచితూచి కొనాలి.

సరుకు ఎక్కడిది

ల్యాప్‌టాప్‌లలో ఎక్కువ భాగం ఆఫీసులవే. ఐటీ కంపెనీలు, బ్యాంకులు యంత్రాలను చాలావరకు మూడు నాలుగేళ్లకోసారి మార్చేస్తాయి. పాతవి లాట్లుగా వేలంలోనో కాంట్రాక్టు మీదనో రీఫర్బిషర్లకు చేరతాయి. మార్కెట్లో ఎటు చూసినా డెల్ లాటిట్యూడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్, లెనోవో థింక్‌ప్యాడ్ కనిపించడానికి కారణం ఇదే. ఇంటి వాడకానికి అమ్మే చవక మోడళ్ల కన్నా ఇవి గట్టి బాడీతో, విప్పి భాగాలు మార్చుకునే వీలుతో తయారవుతాయి. నాలుగేళ్ల పాత ఆఫీసు యంత్రం, అదే ధరకు వచ్చే కొత్త నాసిరకం యంత్రం కన్నా చాలాసార్లు మెరుగు. విదేశాల నుంచి వచ్చే సరుకూ ఉంటుంది. కీబోర్డు మీద అరబిక్ అక్షరాలో, జర్మన్ అమరికో కనిపిస్తే అది ఎక్కడిదో ఇట్టే తెలిసిపోతుంది. వాడిన ఐటీ పరికరాలను దిగుమతి చేసుకోవడానికి కేంద్ర ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. 2016లో యాపిల్ సంస్థే వాడిన ఐఫోన్లను తెచ్చి ఇక్కడ అమ్ముకుంటామని అడిగితే కేంద్రం ఒప్పుకోలేదు.

ఫోన్లు మాత్రం ఎక్స్చేంజ్ ఆఫర్లలో వచ్చి చేరినవి. కొత్త ఫోన్ కొంటూ పాతది ఇచ్చేస్తే అది పెద్ద కొనుగోలుదారుల ద్వారా వర్క్‌షాపులకు, అక్కడి నుంచి క్యాషిఫై వంటి సంస్థలకో, అమెజాన్ రిన్యూడ్ వంటి ఆన్‌లైన్ విభాగాలకో, వీధి దుకాణాలకో వెళ్తుంది.

చిక్కడపల్లి, నారాయణగూడ వీధుల్లో ఉండేవి ఎక్కువగా సర్వీస్ దుకాణాలు. పెద్ద ఎంపిక కావాలంటే కొంచెం కదలాలి. 2020 ఫిబ్రవరి 7న జేబీఎస్, ఎంజీబీఎస్ మధ్య మెట్రో మొదలయ్యాక ఇది తేలికైంది. నారాయణగూడ తర్వాతి స్టేషన్ సుల్తాన్ బజార్. అక్కడ దిగితే కోఠి గుజరాతీ గల్లీ పక్కనే. ఫోన్ విడిభాగాలు, కవర్లు, కేబుళ్లకు అది పెట్టింది పేరు. వాడిన ఫోన్లకు, ఫోన్ రిపేర్లకు అబిడ్స్ జగదీశ్ మార్కెట్. ల్యాప్‌టాప్‌లకు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ పిలిచేది సీటీసీ అని. పెద్ద మార్కెట్లో ధర తక్కువ, నాలుగు దుకాణాలు తిరిగి చూడొచ్చు. గది పక్క దుకాణంలో ధర ఓ వెయ్యి ఎక్కువైనా, రేపు చార్జింగ్ ఎక్కకపోతే నడిచి వెళ్లి అడగొచ్చు. వారంటీ కాగితం మీద ఎన్ని నెలలు రాసినా, దాన్ని వాడుకోవాలంటే ఒక పూట చదువు మానుకుని సికింద్రాబాద్ వెళ్లాల్సి వస్తే చాలామంది వెళ్లరు. ఈ ఖర్చును ఎవరూ లెక్కలో వేసుకోరు.

కౌంటర్ మీద ఒక ల్యాప్‌టాప్

2018లో వచ్చిన థింక్‌ప్యాడ్ టీ480ని తీసుకుందాం. రీఫర్బిష్డ్ మార్కెట్లో బాగా తిరిగిన మోడల్ ఇది. ముందుగా అడగాల్సింది ప్రాసెసర్ తరం. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. వ్యక్తిగత వినియోగదారులకు మరో ఏడాది పొడిగింపు ఇచ్చారంతే. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరమో ఆపైదో కావాలి, టీపీఎం 2.0 చిప్ ఉండాలి. ఐ5-7300యూ అంటే 7వ తరం, ఐ5-8250యూ అంటే 8వది, ఐ5-1135జీ7 అంటే 11వది. గీత తర్వాత వచ్చే అంకెలు చదవడం తెలిస్తే చాలు. మోడల్ పేరు చూసి తరాన్ని ఊహించకూడదు. ఉదాహరణకు హెచ్‌పీ ఎలైట్‌బుక్ 840 జీ5 బాడీలోనే 7వ తరం ప్రాసెసర్‌తో వచ్చినవీ, 8వ తరంతో వచ్చినవీ ఉన్నాయి. 7వ తరం యంత్రంలో కూడా ఏదో ఒక దారిలో విండోస్ 11 ఎక్కించి ఇచ్చేవాళ్లు ఉంటారు. ఆ దారిలో ఎక్కించిన వాటికి అప్‌డేట్లు ఎప్పటిదాకా వస్తాయో హామీ లేదు. అలాంటి యంత్రం తక్కువ ధరకు ఎందుకు వస్తుందో దీంతో అర్థమైపోతుంది.

తర్వాత బ్యాటరీ. టీ480కి రెండు బ్యాటరీలు ఉంటాయి. ఒకటి లోపల బిగించినది, రెండోది వెనక నుంచి ఊడదీసేది. బయటిది మార్చి లోపలిది అలాగే వదిలేయడం తేలిక కాబట్టి, రెండింటినీ విడివిడిగా చూడాలి. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ బ్యాటరీ రిపోర్ట్ ఆదేశం ఇస్తే ఒక ఫైల్ తయారవుతుంది. అందులో తయారైనప్పటి సామర్థ్యం, ఇప్పుడు నిండుగా చార్జ్ చేస్తే ఎక్కే సామర్థ్యం పక్కపక్కనే ఉంటాయి. 24,000 ఉండాల్సింది 13,000 చూపిస్తే ఆ బ్యాటరీ ప్రాణం సగమే మిగిలిందన్నమాట. ఇది చూపించమంటే విసుక్కునే దుకాణంలో ఇంకేమీ చూడనక్కర్లేదు.

స్విచ్ వేయగానే ఎఫ్1 నొక్కి బయాస్‌లోకి వెళ్లనిస్తుందో లేదో చూడాలి. పాత కంపెనీ పెట్టిన సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ అడిగితే, ఆ యంత్రాన్ని ఎంత తక్కువకిచ్చినా వద్దనడమే మంచిది. ఆ పాస్‌వర్డ్ తీయడం బోర్డు మీద చేసే పని. యాపిల్ మ్యాక్‌బుక్‌లలో కంపెనీ మేనేజ్‌మెంట్ లాక్‌తో కూడా ఇదే తంటా. తెర మీద పూర్తి తెల్ల పేజీ తెరిచి మచ్చలు వెతకడం, మూత మెల్లగా తెరిచి మూస్తూ హింజ్ దగ్గర బాడీ పైకి లేస్తోందా అని చూడడం, నోట్‌ప్యాడ్‌లో ప్రతి కీ ఒకసారి కొట్టడం, అన్ని యూఎస్‌బీ రంధ్రాల్లో పెన్‌డ్రైవ్ పెట్టి చూడడం, అరగంట సేపు యూట్యూబ్ క్లాసు పెట్టి ఫ్యాన్ ఎంత అరుస్తుందో వినడం. ఇవన్నీ కలిపినా గంట పట్టదు. పైకి పెయింట్ వేసి, కీబోర్డుకు కొత్త స్టిక్కర్లు అతికించిన యంత్రమైతే మరింత సేపు చూడాలి. పైన పటారం, లోన లొటారం అన్న సామెతకు ఈ మార్కెట్లో పనికి కొదవ లేదు. ఏ, బీ, సీ గ్రేడ్లు కూడా ఎక్కువగా పైరూపం గురించే చెబుతాయి. గీతలున్న బీ గ్రేడ్ యంత్రం లోపల ఏ గ్రేడ్ కన్నా ఆరోగ్యంగా ఉండొచ్చు. చదువుకునేవాడికి గీతలతో పనేముంది?

ఫోన్ విషయంలో

ఫోన్‌లో అన్నింటికన్నా ముందు చూడాల్సింది అది దొంగ సరుకు కాదని. *#06# డయల్ చేస్తే 15 అంకెల ఐఎంఈఐ నంబర్ కనిపిస్తుంది. కేవైఎం అని ఇంగ్లిష్‌లో టైప్ చేసి, ఒక ఖాళీ వదిలి, ఆ నంబర్ రాసి 14422కు ఎస్సెమ్మెస్ పంపితే, లేదా కేంద్ర టెలికాం శాఖ సంచార్ సాథీ పోర్టల్‌లో చూస్తే, ఆ ఫోన్ సంగతి తెలుస్తుంది. బ్లాక్‌లిస్ట్ అనో, డూప్లికేట్ అనో వస్తే కొనకూడదు. పోయిన ఫోన్లను బ్లాక్ చేసి వెతికే సీఈఐఆర్ వ్యవస్థ 2023 మేలో దేశమంతా అమల్లోకి వచ్చింది. తెలంగాణ పోలీసులు అంతకు కొన్ని వారాల ముందే దాన్ని వాడడం మొదలుపెట్టి, ఫోన్లు వెతికి ఇవ్వడంలో దేశంలో ముందు వరుసలో నిలిచారు. దొంగ ఫోన్ అని తెలిసి కొంటే భారతీయ న్యాయ సంహితలోని 317వ సెక్షన్ వర్తిస్తుంది. ఐఎంఈఐ మార్చడానికి 2023 టెలికాం చట్టం కింద 3 ఏళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. తెలియక కొన్నవారికి శిక్ష పడకపోవచ్చు గానీ, ఫోన్ మాత్రం పోతుంది. బిల్లు ఉంటే కనీసం ఎవరిని అడగాలో తెలుస్తుంది.

రెండోది డిస్‌ప్లే. దుకాణాల్లో కాంబో అని పిలిచే డిస్‌ప్లే, టచ్ కలిసిన భాగం పగిలితే, అసలు అమోలెడ్ తెర స్థానంలో చవక ఎల్‌సీడీ వేసేస్తారు. నలుపు నల్లగా కాక బూడిదరంగులో కనిపించడం, కింది అంచు మందంగా ఉండడం, తెర కింది వేలిముద్ర సెన్సర్ పనిచేయకపోవడం దాని గుర్తులు. ఇటీవలి ఐఫోన్లలో సెట్టింగ్స్‌లోని అబౌట్ పేజీలోనే మార్చిన భాగాల వివరం వస్తుంది. సిమ్ ట్రే తీసి లోపలికి టార్చ్ వేస్తే చాలా మోడళ్లలో ఒక చిన్న స్టిక్కర్ కనిపిస్తుంది. అది ఎర్రగా మారి ఉంటే నీళ్లు తాగిన ఫోన్. బోర్డు మీద ఐసీ వేడి చేసి బతికించిన ఫోన్‌ను మాత్రం బయటి నుంచి పట్టుకోవడం కష్టం. అందుకే కనీసం 6 నెలల వారంటీ అడగాలి.

సాఫ్ట్‌వేర్ వయసు మూడో సంగతి. యూపీఐ, బ్యాంకు యాప్‌లు పాత ఆండ్రాయిడ్‌లను ఒక్కొక్కటిగా వదిలేస్తూ వస్తాయి. 2023లో వచ్చిన గూగుల్ పిక్సెల్ 8కు, 2024లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ ఎస్24కు 7 ఏళ్ల అప్‌డేట్లు ఇస్తామని ఆ కంపెనీలు ప్రకటించాయి. అలాంటి ఫోన్ రెండేళ్ల తర్వాత రీఫర్బిష్డ్‌గా దొరికితే ఇంకా 5 ఏళ్లు మిగిలి ఉంటుంది. అప్‌డేట్లు ఆగిపోయిన ఫోన్ 5,000కు వచ్చినా దండగే.

పాతవి కొనకూడనివి కొన్ని ఉన్నాయి. చార్జర్, పవర్ బ్యాంక్, ఇయర్‌బడ్స్, విడి బ్యాటరీలు. పొగ వచ్చే పవర్ బ్యాంక్‌తో నలుగురు పడుకునే హాస్టల్ గదిలో ఆదా చేసేదేముంది? కొత్త అడాప్టర్ కొన్నా దాని మీది ఆర్-నంబర్‌ను బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు.

బిల్లు, పన్ను, ఫిర్యాదు

"బిల్లు వద్దంటే జీఎస్టీ తగ్గిస్తాను" అన్నది ఈ బేరాల్లో రోజూ వినిపించే మాట. ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల మీద జీఎస్టీ 18 శాతం. 18,000 రూపాయల వస్తువు మీద అది మూడు వేలు దాటుతుంది కదా అని కొనేవారు ఆశపడతారు. కానీ వాడిన వస్తువుల వ్యాపారికి జీఎస్టీ నిబంధనల్లోని 32(5) కింద మార్జిన్ పద్ధతి ఉంది. వస్తువు రూపం మారని చిన్నపాటి పనే చేసి, కొన్నప్పటి పన్నును తిరిగి క్లెయిమ్ చేసుకోకపోతే, కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య తేడా మీదే పన్ను పడుతుంది. 14,000కు కొని 18,000కు అమ్మితే పన్ను 4,000 మీదే, అంటే మహా అయితే 720 రూపాయలు. ఆ ఏడొందల కోసం బిల్లు వదులుకుంటే వారంటీ నోటిమాటగా మిగులుతుంది, ఫోన్ ఎక్కడిదన్న రుజువూ పోతుంది.

బిల్లు మీద మోడల్, సీరియల్ నంబర్ లేదా ఐఎంఈఐ, రీఫర్బిష్డ్ అన్న మాట, వారంటీ ఎన్ని నెలలు, ఏయే భాగాలకు అన్నవి రాయించుకోవాలి. చాలాచోట్ల బ్యాటరీకి, డిస్‌ప్లేకు వారంటీ ఉండదని చిన్న అక్షరాల్లో ఉంటుంది. పాడయ్యేవి ఎక్కువగా ఆ రెండే. దుకాణదారు వినకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కొనుగోళ్లకు ఫీజు లేదు, ఆన్‌లైన్‌లోనే దాఖలు చేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం పాత సరుకుకు వేరే నీతి చెప్పలేదు. ఏది చెప్పి అమ్మాడో అది ఇవ్వాల్సిందే.

వదిలేసేటప్పుడు

ప్రపంచంలో 2022లో 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాలు పోగయ్యాయని, అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినది 22.3 శాతమేనని ఐక్యరాజ్యసమితి నివేదిక లెక్కగట్టింది. మనదేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు రీఫర్బిషర్లను కూడా నమోదు చేసుకోమంటాయి. ఒక వస్తువు ఆయుష్షు పెంచిన రీఫర్బిషర్‌కు సర్టిఫికెట్ వస్తుంది, దాన్ని కొన్న తయారీ కంపెనీకి రీసైక్లింగ్ బాధ్యతలో కొంత వాయిదా దొరుకుతుంది. ఇక బాగుచేయడానికి వీలుకాని సర్క్యూట్ బోర్డుల నుంచి లోహాలు తీసే పద్ధతుల మీద చర్లపల్లిలోని సీ-మెట్ పరిశోధన కేంద్రం పనిచేస్తోంది.

పరీక్ష అయ్యాక ఊరెళ్లేవారి మంచం, టేబుల్, పుస్తకాలతోపాటు ల్యాప్‌టాప్, ట్యాబ్ కూడా కొత్తగా గది దిగినవారికి చేరుతుంటాయి. ఇలా నేరుగా చేతులు మారేచోట బిల్లు ఉండదు కాబట్టి, పాత బిల్లు కాపీ, కొన్న తేదీ, ఇద్దరి సంతకాలతో ఒక చీటీ రాసుకోవడం మంచి అలవాటు. అమ్మేవారు ముందు గూగుల్ లేదా ఐక్లౌడ్ ఖాతా నుంచి బయటికి వచ్చి, తర్వాతే ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి. వరస తప్పితే ఫోన్ పాత ఖాతా పాస్‌వర్డ్ అడుగుతూ కొన్నవాడికి పనికిరాకుండా పోతుంది. సిమ్, ఈ-సిమ్, మెమరీ కార్డ్ తీసేసి, యూపీఐ యాప్‌లను ముందే డీరిజిస్టర్ చేసుకోవాలి. దుకాణానికి అమ్మితే ఆధార్ జిరాక్స్ అడుగుతారు. మాస్క్‌డ్ ఆధార్ ఇచ్చి, దాని మీద ఫలానా ఐఎంఈఐ ఫోన్ అమ్మకానికి మాత్రమే అని తేదీతో అడ్డంగా రాసి సంతకం చేస్తే ఆ కాగితం ఇంకో పనికి వాడడం కష్టమవుతుంది.